విరిగిన సూది, రెండు వెలుగులు

పెళ్లైన ఏడాది జూన్‌లో సోలాపూర్ దాజీ పేట్‌లోని ఒక టవల్ కార్ఖానాలో చెకింగ్ సూపర్‌వైజర్‌గా చేరాను. కాన్పుకు ముందు మానేశాను. పాప నిద్రపోయింది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

మేము పసిపిల్లల తెల్ల టవళ్లు కుట్టించేవాళ్లం. మిషన్ సూది విరిగితే ముక్కలన్నీ వెతికి, కార్డు మీద టేపుతో అతికించి, కొత్త సూది పక్కన పెట్టి పొడవు సరిచూడాలి. సరిపోయేదాకా మాల్ గేటు దాటదు.

నాకు ఐదో నెల. ఒక మధ్యాహ్నం అంచులు కుట్టే నర్సక్క మిషన్‌లో సూది విరిగింది. మొదలు మిషన్‌కే ఉంది, మిగతాది లేదు. బయట టెంపో ఎదురుచూస్తోంది. కార్ఖానా యజమాని, మా మాలక్, ఇంకో రెండు ట్యూబులైట్లు పెట్టించాడు.

"ఇగ కండ్లు పెట్టి చూడుండ్రి!"

"కండ్లు పెట్టినం మాలక్, సూదే మొకం చాటేసింది," అంది నర్సక్క. నవ్వుతూనే మిషన్ కింద మళ్లీ తడిమింది. మళ్లీ మిషన్ మీద కూర్చోనివ్వరేమోనని ఆమె భయం. నాకు ఆ టవల్‌లో చుట్టబోయే బిడ్డ ఒళ్లే కళ్లముందు ఆడుతోంది.

సూదికి సొంత వెలుగు లేదు. మీద పడిన వెలుగును తిప్పి పంపితేనే కనబడుతుంది. తెల్లబట్ట ఆ వెలుగును అన్ని వైపులా చల్లుతుంది. నున్నటి ఉక్కు అద్దంలా ఒకే వైపు పంపుతుంది. ఆ వైపు మన కన్ను లేకపోతే తెలుపులో కలిసిపోతుంది. లైట్లన్నీ ఆర్పించి, షట్టర్ దించి, ఫోన్ టార్చిని బల్లకు ఆనించి పట్టుకోమని నర్సక్కకు చెప్పాను. తల కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో టవల్ చూశాను. చాలాసేపటికి నూలు మధ్య ఒక చుక్క మెరిసింది. సూదిమొన.

"దొర్కింది! చలా, గాడీ భరా!" అని, బండిలో సరుకు ఎక్కించమని మాలక్ కేకేశాడు.

కార్డు మీద అతికించి చూస్తే మొదలుకూ మొనకూ మధ్య ఇంకా ఖాళీ ఉంది. బెజ్జం ఉన్న ముక్క రాలేదు.

"గింత దానికి పూరా మాల్ ఆపుతవా, బిడ్డా? ఎవలకు కనబడ్తది?"

"కనబడది మాలక్. గుచ్చుకుంటది."

ఆయన నా పొట్ట వైపు చూశాడు. టెంపో డ్రైవర్‌ను చాయ్ తాగి రమ్మన్నాడు.

టెంపో ఎక్కాల్సిన టవళ్లన్నీ టార్చితో మళ్లీ వెతికాం. ఏదీ మెరవలేదు. బెజ్జం దగ్గర నూనె, దూది పేరుకుని నల్లబడుతుందని అప్పుడు తట్టింది. నలుపు వెలుగును మింగేస్తుంది. చుట్టూ తెలుపు వెలిగితేనే, వెలగని చోటుగా అది తెలుస్తుంది. లైట్లన్నీ వేయించాను. అయితే నల్లచుక్క కనబడిన టవల్‌ను నూనె డాగు అనుకుని ఉతకడానికి వేరే కుప్ప వేసేది మేమే. ఆ రోజూ అలాగే వేశాం, అప్పటిదాకా ఆ కుప్పలో ఎవరూ వెతకలేదు. నర్సక్క దాని ముందు కూర్చుని ఒక్కో డాగును గోటితో గీకింది. ఒకటి మాత్రం చెదరలేదు.

"డాగు గాదు, ఇనుము!"

కార్డు మీద మూడు ముక్కలూ కలిసి కొత్త సూదంత అయ్యాయి. నర్సక్క తన మిషన్ మీద కూర్చుంది.

ఒక ముక్క దొరికినంత మాత్రాన వెతకడం పూర్తికాదని అక్కడ నేర్చుకున్నాను. మొదటిదాన్ని చూపించిన వెలుగు రెండోదాన్ని చూపించకపోవచ్చు.