ఓబుళమ్మ పత్యం

కుందుర్పిలో కడుపు ఉబ్బరమన్నా, తిన్నది అరగలేదన్నా అందరూ మా అత్త ఓబుళమ్మ దగ్గరికే వస్తావుండిరి. శొంఠి, వాము, జీలకర్ర వేయించి, కరక్కాయ కలిపి దంచిన పొడి ఆమె రేకుడబ్బాలో ఎప్పుడూ ఉండేది. "మందు కంటే పత్యం పెద్దది" అనేది. తిట్టకుండా ఎవరికీ పొడి ఇచ్చేది కాదు.

ఎనభైలలో వరసగా రెండేండ్లు వానల్లేక బావులెండిపోయినాయి. అప్పుడొకనాడు గొర్లు కాసే సుంకన్న వచ్చినాడు.

"ఆకలే పుట్టడం లేదు వదినా, పొడియ్యి."

"నిన్న ఏం తింటివి?"

ఆయన తల దించుకున్నాడు. "పొద్దున ఇంత అంబలి."

అత్త డబ్బాకు మూత పెట్టేసింది. "పొడేస్తే ఆకలైతాది. అప్పుడేం తింటావప్పా?" అని లోపలికి పోయి సంకటి ముద్ద తెచ్చింది.

సుంకన్నకు రోషమొచ్చింది. "మందడిగితే ముద్ద పెడతావా? నేనేమన్నా అడుక్కతినేవాణ్ణా?" అని లేచినాడు.

అత్త ఆ ముద్ద మీద చిటికెడు పొడి చల్లింది. "ఇదే మందు. నా కండ్ల ముందరే మింగల్ల. నలభై దినాలు పత్యం. తప్పితే మళ్లా నా గడప తొక్కొద్దు" అని గదిమింది. ఆయన కూర్చోని తిన్నాడు.

వారం తిరక్కముందే రోగులు తొమ్మిది మందైనారు. రాగుల కుండ అడుగంటుతాంటే నేను అత్త మీద కస్సుమన్నాను. "ఊర్లో రోగాలన్నీ మనకే కావల్నా?"

ఆ మాపటి నుంచి ఆమె తన ముద్ద నేను తినే తట్టలోకి తోసేది. ఏమత్తా అంటే, "నాకు అరగలేదు లేమ్మా" అనేది.

డబ్బా నిండా పొడి పెట్టుకోని!