ఫసలీ లెక్కలో పెళ్లికూతురు

తెలివి ఎక్కువైతే వచ్చే చిక్కులు రెండు. ఒకటి, ఎదుటివాళ్లు మాట ముగించకముందే జవాబు చెప్పేస్తాం. రెండు, ఆ జవాబు సరిగ్గా ఉంటుంది. రెండోదాన్నే ఎవరూ క్షమించరు.

రజాకార్ల రోజుల్లో దారి కాపలా జవాన్లు ఆపితే, వాళ్లు అడగకముందే నా ఊరు, పని, తిరిగొచ్చే వేళ చెప్పాను. ఇంత చకచకా చెప్పాడంటే ముందే నేర్చుకొని వచ్చి ఉంటాడని సాయంత్రం దాకా కూర్చోబెట్టారు.

పోలీసు యాక్షన్ తర్వాత, నా ఓవర్సీర్ చదువు ముగిశాక, ఆత్మకూర్ సంబంధం చూశారు. పిల్ల మేనమామ కట్టిస్తున్న బావి గోడ వానలకు ఒరుగుతుందన్నాను. సంబంధం పోయింది. వానలకు గోడా పోయింది. వాళ్లకు కోపం ఇంకా పెరిగింది.

అందుకే జడ్చర్ల సంబంధానికి బయలుదేరేముందు అమ్మ బతిమాలింది.

"బిడ్డా, నీ దిమాక్ ఇంట్ల పెట్టి రా. పిల్ల నాయిన ఏమన్నా ఔననే అను."

జడ్చర్లలో పిల్ల మంచినీళ్లు తెచ్చి, నన్ను సూటిగా చూసి లోపలికి వెళ్లింది. ఈ సంబంధం చెడగొట్టుకోకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

పిల్ల ఎప్పుడు పుట్టిందని మా బాపు అడిగాడు.

"కచేరీలల్ల ఫసలీ బందయింది గద, ఇంగ్లీషు సాలే చెప్త," అన్నాడు పిల్ల తండ్రి.

నిజాం కాలపు ఫసలీ సంవత్సరానికి ఐదువందల తొంభై కలిపితే ఇంగ్లీషు సాలు, అంటే సంవత్సరం, వస్తుంది. ఆయన వేళ్లు మడిచి, పైకే లెక్కపెడుతూ ఐదువందల ఎనభై కలిపాడు. ఆ లెక్కన పిల్ల నాకంటే ఏడేళ్లు పెద్దది!

"ఈడుజోడు మంచిగున్నది," అన్నాడు మా బాపు, లెక్క చూసుకోకుండానే.

అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను తమలపాకు నోట్లో కుక్కుకున్నాను. ఇంతలో తలుపు చాటునుంచి గొంతు వినిపించింది.

"బాపూ, గట్లయితే నేను నీ పెండ్లి గాకముందే పుట్టిన!"

"ఎట్ల?" అన్నాడాయన.

"తొంభై కలపాలె!" అన్నాం, లోపలినుంచి ఆమె, ఇటునుంచి నేను, ఒక్కసారే. నా నోట్లోని ఆకు చాపమీద పడింది.

పిల్ల తండ్రి మా అమ్మవైపు తిరిగాడు. "అక్కా, మీ పిలగాడు గూడ గింతేనా?"

"ఏం జెప్పాలె అన్నా! నోరాగదు."

"మా పిల్ల గంతే. మొన్నొచ్చినోళ్లకు రైలు టైము తప్పు జెప్తున్నరని మొకం మీదనే అన్నది. మళ్ల రాలే."

ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు.

"ఇగ ఫికర్ లేదు. మంచి రోజు నేనే లెక్కగడ్త," అన్నాడాయన.

నేను నోరు తెరిచాను.

"నువ్వు మాత్రం కట్టకు బాపూ!" అందామె.

నాకంటే ముందు ఒకరు జవాబు చెప్పడం అదే మొదటిసారి. తెరిచిన నోటితోనే హాయిగా నవ్వుకున్నాను.