పొయ్యి ఎత్తుకుపోయే రాయమల్లు

బెల్లంపల్లి బొగ్గుగని కార్మికుల ఇళ్ల లైన్లలో రాయమల్లును పొయ్యిల దొంగ అనేవాళ్లు. పొగ చిమ్మే ఏ బొగ్గు పొయ్యైనా తనకు గిట్టలేదంటే చాలు, తడి తువ్వాలతో పిడి పట్టుకుని ఎత్తుకుపోయేవాడు. గాలివాలు చూసి లైను చివర దించి, పొగంతా పోయి నిప్పులు ఎర్రబడ్డాక తెచ్చి మళ్లీ వాకిట్లో పెట్టేవాడు. పొయ్యి ఎవరిది, వాళ్లేమంటారు అన్న ఫికరే లేదు.

ఎందుకని అడిగితే ఒకటే జవాబు. "నా ముక్కుకు పడది."

గనిలో ఆయన సర్దారు. కూలీలకంటే ముందు దీపం పట్టుకుని దిగి, లోపలి గాలి మంచిదో చెడ్డదో చెప్పడం ఆయన పని. "లోపల గాలికి కావలున్నడు, సరే. బయట గాలికి ఎవడు వెట్టిండు?" అని ఆడవాళ్లు దుమ్మెత్తిపోసేవాళ్లు. ఒకసారి గంగుబాయి పొయ్యిని పైనున్న పప్పుగిన్నెతో సహా ఎత్తుకెళ్లాడు. ఆమె లైను పొడుగునా వెంటబడింది. తిట్టడానికి మరాఠీ చాలక తెలుగు, తెలుగు చాలక ఉర్దూ పట్టింది. ఆయన మాత్రం చుక్క పప్పు ఒలకనివ్వలేదు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, అదే లైన్లో ఉండే కూలీ పర్శరాములు భార్య నర్మదకు ఐదో నెల. బోథ్ వైపు పల్లెటూరి పిల్ల. మొదటి కడుపు మూడో నెలలోనే పోయింది. ఈసారైనా నిలవాలని కనబడ్డ దేవుడికల్లా మొక్కింది. అత్త కిష్టవ్వ దేవుళ్లతో ఆగలేదు, దిష్టి పనీ పట్టింది. లైన్లలో అందరూ పొయ్యి బయట ముట్టించి, పొగ తగ్గాక లోపలికి తెచ్చుకుంటారు. కోడలు వాకిట్లో కూర్చుంటే నలుగురి కళ్లూ కడుపు మీద పడతాయని, లోపలే తలుపేసుకుని ముట్టించమంది కిష్టవ్వ. మోకాళ్ల నొప్పులతో తాను వంగలేదు మరి.

"అత్తా, తల తిరుగుతుంది."

"కడుపుతోటున్నోళ్లకు తిరుగదా? జర ఓపిక వట్టు."

నర్మద ఓపిక పట్టింది. దగ్గు ఆగేది కాదు. ఇదీ దక్కదేమోనని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది.

మూడో రోజు పెంకుల సందుల్లోంచి పొగ లేస్తుంటే రాయమల్లు చూశాడు. తలుపు కొట్టలేదు, పిలవలేదు, ఒక్క తోపుతో లోపలికొచ్చి పొయ్యి ఎత్తుకున్నాడు.

"నీ ముక్కుల మన్నువడ! ఆడోళ్లున్న ఇంట్ల సొస్తవా?" అని అరిచింది కిష్టవ్వ.

"నా ముక్కుకు పడది చెల్లె."

"మా ఇంట్ల పొగకు నీ ముక్కేడికొచ్చింది?"

"వచ్చింది గదా, ఏంజేస్త?" అంటూ గడప దాటి, వెనక్కి తిరిగాడు. "గనిల గాలి చెడితే దీపం కుంగుతది. ఆ పిల్లను జర వాకిట్ల కూసోవెట్టు. రేపటిసంది నేనే ముట్టిచ్చి తెస్త. తలుపు మూసినవనుకో, మల్ల ఎత్కపోత."

అన్నట్టే నాలుగు నెలలు, డ్యూటీ ఏ పూటైనా, పొయ్యి ముట్టించి ఎర్రటి నిప్పులతో తెచ్చి పెట్టాడు. ఎవరైనా నవ్వితే ముక్కు చూపించేవాడు. పని తప్పింది కదా అని కిష్టవ్వ గొణుగుడు తగ్గించింది. నర్మద దగ్గూ తగ్గింది. నెలలు నిండాక గుమ్మడిపండులాంటి ఆడపిల్ల పుట్టింది.

ఇరవై ఒకటో రోజున తొట్టెల వేశారు. రాయమల్లు, ఆయన భార్య బాలలక్ష్మి కూడా వచ్చారు. గుడ్డల్లో చుట్టిన పిల్లను నర్మద ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన ఉబ్బిపోయి తన ముక్కు గొప్పలు మొదలుపెట్టాడు.

"పది ఇండ్ల అవుతల పొగ లేసినా నా ముక్కు పసిగడ్తది..."

ఆ మాట పూర్తికాకముందే గంగుబాయి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తర్వాత కిష్టవ్వ. ఆ తర్వాత గదిలో ఉన్నవాళ్లంతా. పిల్ల తన పని కానిచ్చేసింది. రాయమల్లు ధోవతి పచ్చబడుతోంది. ఆయన మాత్రం హాయిగా ముక్కు కథ చెబుతూనే ఉన్నాడు.

బాలలక్ష్మి పడీపడీ నవ్వింది. "ఏం ముక్కమ్మా! పదేండ్ల కింద జొరమొచ్చి వాసన వోయింది. మాడిన పప్పు వెట్టినా మల్ల వెయ్యమంటడు!"

నర్మద మనసులో లెక్క వేసుకుంది. గంగుబాయి పొయ్యి పొగ పోయేది పక్కింటి అనసూర్య కిటికీలోకి. అప్పుడు అనసూర్య నీళ్లోసుకుని ఉంది. అంతకుముందు ఎత్తిన పొయ్యీ అంతే, దాని ముందుదీ అంతే.

"మరి ముక్కు ముక్కు అని అందరితోటి ఎందుకు తిట్లు వడ్డవు కాకా?"

రాయమల్లు తల గోక్కున్నాడు. "ఫలానా పిల్ల కడుపుతోటున్నదని లైన్ల దండోరా వెయ్యన్నా బిడ్డా? మీ అత్త నన్ను బతకనిస్తదా? ముక్కంటే ఎవలకు దిష్టి దాకది."

కిష్టవ్వ లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన ధోవతి మీద పోసింది. "కదలకు అన్నా. మా పిల్ల జేసింది, నేనే కడుగుత" అంది.

ఈలోపు నర్మద పిల్లను తీసుకెళ్లి నీళ్లు పోసి, పొడిగుడ్డ చుట్టి తెచ్చింది. "నీ కడుపు సల్లగుండ కాకా. గీ పిల్ల నీ పుణ్యమే" అంటూ మళ్లీ ఆయన ఒళ్లోనే పెట్టబోయింది.

ఆయన వెనక్కి జరిగాడు. "మల్ల ఖరాబు చేస్తెనో?"

"చేస్తే నీకేం తెలుస్తది కాకా? పట్టుకో!"