రత్నం నోట్లో నా గొంతు

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెబితే ఇంతేనా అంటారేమో, అంత చిన్నది. దానివల్ల ఎవరి ప్రాణమూ పోలేదు, ఎవరి కొంపా మునగలేదు. ఒక చిన్న సినిమా చూసి జనం చెప్పిన మాటని నేను మార్చి చెప్పాను. అంతే. అంతే అయితే ఇప్పుడు మీకెందుకు చెబుతున్నట్టు? మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యం నాకెప్పుడూ లేదు.

మా బావది చీపురుపల్లి. మేనమామ కొడుకు. పెళ్లిళ్లకి వీడియోలు తీసే స్టూడియో నడిపేవాడు. ఆ కెమెరాతోనే సినిమా తీశాడు. కాలేజీ పిల్లలు కొందరు జీడితోటలోకి పిక్నిక్‌కి వెళతారు. మొహానికి గోనెసంచి తొడుక్కున్నవాడొకడు వాళ్లని ఒక్కొక్కరినే నరుక్కుంటూ పోతాడు. చివరికి ఒక్క పిల్ల మిగులుతుంది. కథ అంతకన్నా లేదు. రక్తం కోసం బెల్లం పాకంలో కుంకుమ కలిపారు. శవాలుగా పడుకున్నవాళ్లకి చీమలు పట్టేవట. చచ్చినవాళ్లు లేచి గోక్కుంటుంటే బావ నెత్తి బాదుకునేవాడు.

మిగిలిన ఆ పిల్లగా వేసింది నూకరత్నం. శ్రీకాకుళం అవతల సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. తండ్రి బోటు మీద వేటకి వెళ్తాడు, తల్లి చేపలమ్ముతుంది. రత్నం అప్పుడే డిగ్రీలో చేరింది. సినిమా చివర్లో ఒడ్డున బోర్లించిన పడవ కింద దాక్కుంటుంది. గోనెసంచివాడు ఆ పడవ ఎత్తుతాడు. "దయచేసి నన్ను వదిలెయ్" అన్నది బావ రాసిన డైలాగు. రత్నం అది మర్చిపోయింది. "ఓలమ్మా! నానేటి సేసినాన్రా నీకు? నాను సావనురా, మాయమ్మ ఒక్కర్తే అయిపోతాదిరా" అని ఏడ్చింది. బావ కెమెరా ఆపలేదు. అలాగే ఉంచేశాడు.

విడుదలకి ముందు జనానికి చూపించి, వాళ్లేమంటారో తెలుసుకోవాలనుకున్నాడు. మూఢం రోజులు కనక పెళ్లిళ్లు లేవు, కల్యాణమండపం ఖాళీగా ఉంది. కిటికీలకి దుప్పట్లు కట్టి, మధ్యాహ్నం పూట గోడ మీద బొమ్మ వేశారు. బావకి మాత్రం లోపల కూర్చునే ధైర్యం చాలలేదు. "ఒసే, నన్ను సూస్తే ఎవులూ నిజం సెప్పరే. నువ్వయితే ఊళ్లు తిరిగొచ్చినదానివి. గుమ్మం కాడ నిలబడి అడుగు" అని నాకు అప్పగించి టీ కొట్టుకి పోయాడు.

నేను తిరిగొచ్చిన ఊరు హైదరాబాదు. అక్కడ రెండేళ్లు ఫోన్లలో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం చేశాను. చేరిన కొత్తలో ఒకాయనతో "ఏటి సార్?" అన్నాను. ఆ కాల్ రికార్డుని మా టీమ్ లీడరు అందరికీ వినిపించాడు. హాలంతా పడీపడీ నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి నా నాలుకని నేనే ఇస్త్రీ చేసుకుంటూ వచ్చాను. విజయనగరంలో మా ఇంటికి తిరిగొచ్చాక మా అమ్మతో కూడా "ఏంటి" అనే అంటున్నాను.

మండపంలో రత్నం "ఓలమ్మా" అనగానే వెనక వరసలో ఇద్దరు కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. నిజం. అదొక్కటే నిజం. రెండో మాటకి వాళ్లూ నోరు మూసుకున్నారు. ఆ తర్వాత హాల్లో ఎవరూ కదల్లేదు. ముందు వరసలో ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. బయటికి వస్తూ ఒక ముసలాయన దెయ్యం ఎప్పుడొస్తుందా అని చివరిదాకా చూశానని విసుక్కున్నాడు. రక్తం చూస్తే అరిసెల పాకం గుర్తొచ్చిందని ఒకమ్మాయి అంది. కానీ పడవ కింద ఏడుపు గురించి వంకపెట్టిన మనిషి లేడు. మండపంలో వంటచేసే ఆవిడ నా చెయ్యి పట్టుకుని "కడుపులోన సెయ్యెట్టి కెలికినట్టయిపోనాదమ్మా" అంది.

టీ కొట్టు దగ్గరికి వెళ్లాను. ఏమన్నారని బావ అడిగాడు. అన్నీ బాగున్నాయట, ఆ పిల్ల మాటకే జనం నవ్వుతున్నారు, డబ్బింగ్ చెప్పించు అన్నాను.

ఎందుకన్నాను? రత్నం మీద అసూయా? అది నిజమైతే ఇంతకాలం పీడించేది కాదు. అసూయకి ఎంతోకొంత మర్యాద ఉంది, పదిమందికీ ఉండేదే. ఆ పిల్లని నవ్వులపాలు కాకుండా కాపాడాననుకున్నానా? కొన్నాళ్లు అలాగే సర్దిచెప్పుకున్నాను. అదీ కాదు. నేను సిగ్గుతో చచ్చి వదిలించుకున్న మాటని ఆ పిల్ల ఏ సిగ్గూ లేకుండా తెర మీద పెట్టేసింది, జనం నవ్వాల్సింది పోయి ఏడ్చారు. వాళ్లు ఏడిస్తే నేను వదులుకున్నదంతా ఉత్తపుణ్యానికి వదులుకున్నట్టే కదా. అది నాకు మింగుడుపడలేదు.

బావ ఒక్కక్షణం కూడా అనుమానించలేదు. "నీ బాస నీటుగున్నాది కదే, నువ్వే సెప్పెయ్" అన్నాడు. చెప్పాను. "దయచేసి నన్ను వదిలెయ్." చాలా స్పష్టంగా, ఒత్తులు కూడా పోకుండా.

విజయనగరంలో ఒక హాలు అద్దెకి తీసుకుని మార్నింగ్ షోలు వేశాడు బావ. ఆ సీనులో జనం నవ్వారు. పగలబడి నవ్వారు. బయట మైకు పట్టుకున్న కేబుల్ టీవీ అబ్బాయితో ఒక ఆటో డ్రైవరు "ఆ పిల్ల సచ్చిపోతన్నాదంటే నాకేటీ అనిపించనేదు. వార్తలు సదివినట్టున్నాది" అన్నాడు. తర్వాత బావ దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాడు. కింద ఎవరో రాశారు: "కస్టమర్ కేర్ అమ్మాయిని చంపుతున్నట్టుంది." ఇంత సరైన అభిప్రాయం ఏ ప్రేక్షకుడూ ఏ సినిమాకీ చెప్పి ఉండడు.

మొదటి రోజు రత్నం వాళ్లమ్మనీ, వీధిలో ఆడవాళ్లనీ ఆటో కట్టించుకుని తీసుకొచ్చింది. షో అయ్యాక వాళ్లమ్మ నేరుగా వెళ్లి ఆటోలో కూర్చుంది. రత్నం నా దగ్గరికి వచ్చింది. బావ స్టూడియోలో ఒకటి రెండుసార్లు నాతో మాట్లాడింది కనక నా గొంతు తనకి తెలుసు.

"అక్కా, ఆ గొంతు నీది కాదూ?"

అవునన్నాను.

"బాగున్నాదక్కా, సినిమావోల గొంతునాగున్నాది. మరి నాదేటైనాది?"

చూసినవాళ్లకి నచ్చలేదని, నవ్వారని చెప్పాను.

"ఎవులు? అయిదరాబాదోలా?"

ఔనని ఒక్క మాట అంటే పోయేది. అబద్ధమే అయినా కాస్త దయగల అబద్ధం అయ్యేది. కానీ బావ ఎక్కడైనా వేరేలా చెబితే దొరికిపోతానని భయపడ్డాను.

"కాదు, మనవాళ్లే" అన్నాను.

"మనోలేనా?"

"మనవాళ్లే."

"మరయితే సరేలే అక్కా" అని వెళ్లిపోయింది.

బావ రెండో సినిమాకి అడిగితే రానంది. బావకి అర్థం కాలేదు. ఆయన మళ్లీ పెళ్లి వీడియోలకే వెళ్లిపోయాడు. ఇప్పటికీ నన్ను మెచ్చుకుంటాడు, ఆ రోజు నిజం చెప్పింది నేనొక్కదాన్నేనని.

కొన్నేళ్ల తర్వాత శ్రీకాకుళంలో ఫోన్ల కొట్టుకి వెళ్లాను. కౌంటర్లో రత్నం. "చెప్పండి మేడమ్, ఏం కావాలి?" అంది. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలీదు. ఫోన్ కవరు చూపిస్తుండగా వాళ్లమ్మ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "ఏంటమ్మా? పనిలో ఉన్నాను, తర్వాత చేస్తాను" అంది. ఆ పిల్ల నోట్లోంచి నా గొంతు రావడం అది రెండోసారి. కవరు తీసుకుని బయటికి వచ్చి ఎండలో నిలబడ్డాను. వెనక్కి వెళ్లి చెప్పొచ్చు. వెళ్లలేదు.

మాట మార్చుకోకపోతే రత్నానికి ఆ కొట్టులో ఉద్యోగం వచ్చేదా అని నాలో ఒకామె వాదిస్తూనే ఉంటుంది. రాకపోయేదేమో. ఆ వాదన వెనక దాక్కోవడం నాకు చేతకావడం లేదు. తనవాళ్లే తనని చూసి నవ్వారని ఒక పిల్ల నమ్మి బతుకుతోంది. నమ్మించింది నేను. క్షమించమని అడగడం లేదు, అడగాల్సిన మనిషి ఇది చదవదు. ఇవాళ ఇంట్లో ఎవరూ లేని సమయంలో పైకే అన్నాను. మొదటిసారి నాలుక తిరగలేదు. మళ్లీ అన్నాను.

"మనోలెవులూ అననేదు రత్నం. నానే అన్నాను."