లాక్టేట్ పెంచండి, మేడమ్!

ఇప్పుడు చెప్పబోయేది మూడు ఊళ్లు వణికిన మహాయుద్ధం. తెనాలి ఏడ్చింది, బాపట్ల పరుగెత్తింది, రేపల్లె మోకాళ్ల మీద కూలబడింది. సరే, యుద్ధమేం కాదులెండి. నేను ఇడ్లీ తినడానికి వెళ్లాను, అంతే.

తెనాలిలో ఉండే మా అక్క కొడుకు సన్నీ అప్పటికి నెలల పిల్లాడు. వాడి గుండెలో రంధ్రం మూయడానికి గుంటూరులో ఆపరేషన్ చేశారు. ఆ రోజు గట్టెక్కితే చాలన్నారు. "నువ్వు ఏడవకుండా అందరికీ కబుర్లు చెప్తుండు" అని బావ నాకు ఉద్యోగం ఇచ్చాడు. ఏడవకూడదని పళ్లు బిగించాను. ఎంత బిగించానంటే దవడ నొప్పి పుట్టి, మెత్తగా ఉంటుందని ఇడ్లీ కోసం క్యాంటీన్‌కి వెళ్లాను. సరిగ్గా అప్పుడే డాక్టరుగారు వచ్చి, రక్తంలో లాక్టేట్ అనేదాన్ని గమనిస్తుంటామని అక్కాబావలకు వివరించి వెళ్లారట.

నేను తిరిగొచ్చేసరికి నర్సు తలుపులోంచి తొంగిచూసింది. "లాక్టేట్ ఇంకా తగ్గిందండి."

అక్క బావురుమంది. బావ గోడకి జారబడ్డాడు.

మా ఇంటిల్లిపాదికీ వైద్యం నేర్పింది కరోనా. వేలికి తగిలించే క్లిప్పులో అంకె తగ్గితే ప్రమాదం. మాకున్న వైద్యశాస్త్రం అంతవరకే. దాని బలంతోనే ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను: "సన్నీ లాక్టేట్ పడిపోతోంది. ఎవరూ కంగారు పడొద్దు."

మరుక్షణం బాపట్ల పెదనాన్న ఫోను. "ఏంట్రా అది? రక్తం ఎక్కిస్తే పెరుగుద్దా?"

"తెలీదు పెదనాన్నా."

"నాది తీసుకోమను. బయల్దేరుతున్నా."

"నీకు షుగర్ కదా!"

"అదీ తీసుకోమను!"

తర్వాత రేపల్లె అమ్మమ్మ. "ప్రార్థన కూటమంతా వ్యానెక్కాం నాయనా. అది పెరగాలనే దారి పొడుగూతా ప్రార్థన."

అక్కాబావలు ఫోన్లు చూసే స్థితిలో లేరు. ఇంకా బాధపెట్టకూడదని వాళ్లకివేమీ చెప్పలేదు. నా మంచితనం అక్కడితో ఆగినా బాగుండేది. సాయంత్రం డాక్టరుగారు బయటికి రాగానే దారికి అడ్డంగా నిలబడ్డాను. నా వెనక పెదనాన్న, చొక్కా చెయ్యి పైకి మడిచి. ఆ వెనక అమ్మమ్మ సైన్యం, పాటల పుస్తకాలతో.

"మేడమ్, ఏం చేస్తారో మాకు తెలీదండి. లాక్టేట్ పెంచండి. పెరిగేదాకా ఇక్కణ్ణుంచి కదలం!"

ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నన్ను చూశారు. అప్పటికీ నేనే కనబడ్డాను.

"బాబూ, పొద్దుట్నుంచీ మేం తంటాలు పడుతోంది దాన్ని దించడానికే. ఒంటికి ఆక్సిజన్ సరిగా అందకపోతే అది పెరుగుతుంది. ఆపరేషన్ అయ్యాక పెరుగుతూ పోతే భయపడాలి. ఇలా దిగుతుంటే బిడ్డ తేరుకుంటున్నాడని గుర్తు. అదొక్కటే చూసి తేల్చం గానీ, మిగతావీ బాగానే ఉన్నాయి."

"మరి మా అక్క ఏడ్చిందండి!"

"సంతోషమొస్తే ఏడవకూడదేంట్రా?" వెనకనుంచి అక్క.

పెదనాన్న నెమ్మదిగా చొక్కా చెయ్యి దించుకున్నాడు. అమ్మమ్మ ముఖం మాత్రం పాలిపోయింది. "ఒరేయ్ దరిద్రుడా! ఇంతమందిమి రేపల్లె నుంచి పెరగాలని ప్రార్థించుకుంటూ వచ్చాం కదరా! ఇప్పుడెట్టా?" అని అక్కడికక్కడే కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఇందాకటిది లెక్కలోకి తీసుకోవద్దు. కుర్రాడు తప్పు చెప్పాడు."

ప్రభువు అర్థం చేసుకున్నాడు. సన్నీ ఇప్పుడు ఆ మెసేజ్ పెట్టిన ఫోన్‌నే నీళ్ల బకెట్లో ముంచేంత ఆరోగ్యంగా ఉన్నాడు. న్యాయమే.

తెనాలి కాలవ సాక్షిగా, బాపట్ల సముద్రం సాక్షిగా, అమ్మమ్మ పాటల పుస్తకం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: పెరగాలో తగ్గాలో తెలియని ఏ అంకె గురించీ ఈ జన్మలో నోరు విప్పను.

అన్నట్టు, అంత దూరం వచ్చినవాళ్లెవరూ ఆ రోజు సన్నీని చూడలేదు. పిల్లల ఐసీయూలోకి తల్లిదండ్రుల్ని తప్ప ఎవర్నీ రానివ్వరు.