పొగ వెనక తీపి

మా పక్కింటి కాక పోయారని పొద్దున్నే వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. నేను దవాఖానకు వెళ్లేసరికి నర్సు ఆయన ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం తీస్తోంది. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి. చివరి నెలల్లో వాసన కూడా తెలియకుండా పోయింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కాక గోదావరిఖనిలో భూగర్భ గనిలో సర్దారుగా చేశారు. అంటే, కార్మికులు పనిలోకి పోకముందే పైకప్పు గట్టిగా ఉందా, గ్యాసు చేరిందా అని చూసొచ్చే మనిషి. నేను బడిపంతులుని, నలభై దాటేదాకా మందు ముట్టనివాణ్ణి. ఆయన తాగిందల్లా మా సందు చివరి వైన్ షాపు సరుకే. దుబాయ్ నుంచి ఆయన అల్లుడు స్కాచ్ సీసా తెచ్చిన సాయంత్రం దానికి ఇద్దరమూ కొత్తే. నేను గుటుక్కున మింగి దగ్గుతుంటే ఆయన నవ్వలేదు.

"మింగుడెందుకు సారూ? ముందుగాల ముక్కుకు తాగిపియ్యి," అన్నారు.

గ్లాసును అరచేతిలో పట్టుకుని, నోరు కాస్త తెరిచి వాసన చూసేవారు. నీళ్ల చెంబులో వేళ్లు ముంచి గ్లాసులో కొన్ని చుక్కలు చిలకరించి మళ్లీ చూసేవారు. ఎండుద్రాక్ష, తేనె, తడిసిన కట్టె అంటూ ఒక్కొక్కటే పట్టుకునేవారు. నాకు చాలా రోజులు స్పిరిట్ వాసన తప్ప ఏమీ తగల్లేదు. మా ఆవిడకైతే ఈ చదువే నచ్చలేదు.

తర్వాతి సారి అల్లుడు తెచ్చిన సీసా వేరు. కాక గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే కింద పెట్టేసి, ఎక్కడో ఏదో కాలుతున్నట్టు లేచి వంటింట్లోకి వెళ్లి పొయ్యి చూశారు. పెరడు చూశారు. తిరిగొచ్చినప్పుడు ఆయన ముఖంలో నెత్తురు లేదు. ఆ వాసన సీసాలోదేనని, ఈ రకం స్కాచ్ చేసేవాళ్లు బార్లీ గింజలను ఒకరకం మట్టిగడ్డల పొగతో ఆరబెడతారని, ఆ గడ్డలు ఇంకా బొగ్గు కాని బొగ్గేనని చదివింది చెప్పాను.

అప్పుడు చెప్పారు. ఒకప్పుడు గనిలో పాత సొరంగాన్ని మూసేసిన గోడ వెనక బొగ్గు తనంతట తాను రాజుకుంటున్న వాసన ఆయనకు తగిలింది. పైకొచ్చి చెబితే పై అధికారి అందరి ముందూ ఎగతాళి చేశాడు. మర్నాడు పొగ కమ్మింది. కాకతో కలిసి కొలువులో చేరిన దోస్తు బయటికి రాలేదు.

"నాది తాగుబోతు ముక్కన్నడు సారూ. ఆ పొద్దు నేను చుక్క ముట్టలె."

ఆ సీసా చాన్నాళ్లు అలమరలోనే ఉండిపోయింది. ఒక సాయంత్రం ఆయనే తీసి పోశారు. చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నారు.

"పొగ ముందుగాల ఒస్తది. ఆగితె, ఎనుక తీపున్నది."

ఆగాను. మొదటిసారి నాకూ తగిలింది, సన్నగా, బెల్లంపాకంలాంటి తీపి. ఆయన మాత్రం ఏడుస్తున్నారు. రుచి చూడడం అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ సాయంత్రమే, అందుకు ఆయనకు రుణపడి ఉంటాను.

పిట్టకు పెట్టే రోజు, పోయిన మనిషే కాకిలా వచ్చి తింటాడని, ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టారు. పొగ సీసాలో మిగిలింది అప్పటికే చుట్టాలు కూల్‌డ్రింకులో కలుపుకుని తాగేశారు. విస్తరి పక్కన గ్లాసులో వైన్ షాపు మందు పోశారు. ఎంతసేపు చూసినా కాకి రాలేదు. ఏ కోరిక మిగిలిందోనని అందరూ గుసగుసలాడుతుంటే ఆయన బామ్మర్ది సీసా అందుకున్నాడు.

"తాగుబోతు మనిషి, గంతెట్ల సరిపోతది? ఇంకింత పొయ్యుండ్రి."

పోశారు. గ్లాసు నిండి విస్తరిలోకి పొర్లింది. అన్నం తడిసింది. కాకి ఒకటి వచ్చి గోడ మీద వాలింది. మెడ వంచి గ్లాసు వైపు చాలాసేపు చూసి, దిగకుండానే ఎగిరిపోయింది.