ఆరు కాళ్ళ ఎద్దు

నా చేతులు వణికిన మాట నిజమే. అయితే జింక ఎదురుగా ఉన్నప్పుడు వణకలేదు, అది వెళ్ళిపోయాక వణికాయి. ఈ తేడా చెప్పడానికి నలభై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నాను. మా అత్తగారి ఊళ్ళో ఒక్కరూ చెవిన పెట్టలేదు. అందుకే రాసి పెడుతున్నాను.

రజాకార్ల గొడవలు ఇంకా మొదలుకాని రోజులు. నాకు పెళ్ళయి ఏడాది కాలేదు. మాది కొత్తకోట వైపు, అత్తగారి ఊరు దేవరకొండ దగ్గర. పెళ్ళి భోజనాల్లో నేను విస్తరి ముందు కూర్చోగానే నా భార్య అన్న, అంటే మా బావ, అందరికీ వినపడేలా అడిగాడు.

"బావా, మీ ఊర్ల బందూకే లేదంట గద! వడిసెలతోని పిట్టలు గొడ్తరంట, నిజమేనా?"

బంతి బంతంతా నవ్వింది. నవ్విన వాళ్ళలో మా తరఫు వాళ్ళు కూడా ఉన్నారు. ఎవరెవరో నాకు ఇప్పటికీ గుర్తుంది.

మాఘం చివర్లో మామ కబురు పంపాడు. శనగ పీకేశారు, ఇంకో వారమైతే జింకల మంద గుట్టల వైపు దాటిపోతుంది, ఈలోపు రమ్మని. ఆ ఇంట్లో ఒక మర్యాద ఉంది. కొత్త అల్లుడు వచ్చిన మొదటి చలికాలం తుపాకి అతని చేతికిస్తారు, మొదటి దెబ్బ అతనిదే. అంతవరకూ ఆ తుపాకి మా బావ భుజం దిగింది లేదు. ఇప్పుడు అది నా చేతికి వస్తుంది. ఒక్క జింకను పడగొడితే పెళ్ళి బంతిలో అన్న మాట కొట్టుకుపోతుందని నా ఆశ. నేను వెళ్ళింది దానికోసమే.

అది రెండు గొట్టాలు పక్కపక్కన ఉన్న బందూకు. కుడి గొట్టంలో ఛర్రాలు, అంటే విచ్చుకుపోయే చిన్న సీసపు గుళ్ళు; ఎడమ గొట్టంలో ఒంటి గుండు. వెనక గుర్రాలనే రెండు ఇనుప కొక్కేలుంటాయి. వాటిని బొటనవేలితో వెనక్కి లాగి పెట్టుకుంటే, ముందు మీటకు కుడిది, వెనక మీటకు ఎడమది పేలుతుంది.

"ముందుగాల కుడిది అల్లుడా," అన్నాడు మామ. "పడకుంటెనే ఎడమది. తొందరవడకు."

అక్కడి వాళ్ళు ఎద్దు చాటున వేటాడతారు. మనిషి కనపడితే జింకలు నిలవవు కానీ, చేలో మేసే ఎద్దును పట్టించుకోవు. అందుకని ఇంటి జోడెద్దుల్లో ఒకటి నాకిచ్చారు. దాని పగ్గం పట్టి ముసలి జీతగాడు ముందు నడవాలి, నేను గొంగడి కప్పుకుని దాని పక్కన వంగి నడవాలి. రెండో ఎద్దును బావ పట్టుకుని వాగు ఒడ్డున కూర్చోవాలి. మంద అటు పరుగెత్తితే లేచి మళ్ళించడం అతని పని. అతని దగ్గర మందు కూరి పేల్చే నాటు తుపాకి ఉంది. ఒడ్డు దిగవద్దని మామ నా ముందే చెప్పాడు. బావ నవ్వి, "నేనేడికి పోత నాయినా? అల్లుని ముచ్చట జూస్త," అన్నాడు.

పొద్దెక్కుతుండగా చేలోకి దిగాం. మంచుకు తడిసిన నల్లరేగడి చెప్పులకు అంటుకుంటోంది. మంద దూరంగా మేస్తోంది. పదీ పన్నెండు లేళ్ళు, వాటి మధ్య మెలితిరిగిన కొమ్ములతో నల్లని మగ జింక. దాన్ని అక్కడ ఇర్రి అంటారు. ఎద్దు నాలుగడుగులు వేసి గడ్డి కొరుకుతుంది, మేమూ ఆగుతాం. మళ్ళీ నాలుగడుగులు. నడుము విరిగిపోతోంది. ఎద్దు తోక ముఖానికి కొడుతున్నా తుడుచుకోవడానికి లేదు.

"ఇంక జర ముందటికి," ముసలాయన పెదవులు కదపకుండా గొణిగాడు. "దగ్గకుండ్రి పటేలా."

నలభై గజాలకు చేరాం. ఒక లేడి తల ఎత్తి మా వైపు చూసింది. ఊపిరి బిగబట్టాను. అది మళ్ళీ తల దించింది. రెండు గుర్రాలూ మెల్లగా లాగి పెట్టాను. తుపాకిని ఎద్దు మూపు పక్కనుంచి చాపాను. ఇర్రి పక్కకు తిరిగి నిలబడింది. అంత మంచి గురి నాకు మళ్ళీ ఎప్పుడూ దొరకలేదు. వేలు ముందు మీట మీద పడింది.

అప్పుడు ఇర్రికి అవతల, మా రెండో ఎద్దు కనిపించింది. వాగు ఒడ్డున ఉండాల్సిన ఎద్దు చేను మధ్యలో మేస్తోంది. తాడు జారి వచ్చిందేమో అనుకున్నాను. ఇర్రి పొట్ట కింద నుంచి దాని కాళ్ళు కనపడుతున్నాయి. నాలుగు తెల్లవి. వాటి నడుమ రెండు నల్లవి.

మనిషి కాళ్ళు. ఒకటి కదిలి ముందుకు జరిగింది. ఎద్దు వీపు మీదుగా బావ నాటు తుపాకి గొట్టం మెల్లగా పైకి లేచింది. మొదటి దెబ్బ తనే కొట్టేయాలని వచ్చాడు.

కుడిది పేలిస్తే ఛర్రాలు విచ్చుకుని ఆ కాళ్ళకు తగులుతాయి. ఎడమదైతే గుండు ఇర్రిలో నుంచి దూసుకుపోయి ఎక్కడ ఆగుతుందో తెలియదు. అరిస్తే ఉలిక్కిపడి అతనే పేలుస్తాడేమో, ఆ గొట్టం ఉన్నది మా వైపే. చెమట కంట్లోకి దిగింది. మీట మీద వేలు తీయాలన్నా భయమే, పొరపాటున నొక్కుకుంటుందని. ఎంతసేపు అలా ఉన్నానో చెప్పలేను. చివరికి వేలు తీశాను.

ఒక లేడి బుస్సుమంది. మందంతా ఒక్కసారి గాల్లోకి లేచి గుట్టల వైపు పోయింది. ఎవరి తుపాకీ పేలలేదు.

లాగి పెట్టిన గుర్రాలను దించడానికి బొటనవేలు ఆనించాను. అప్పుడు వణికాయి నా చేతులు. బావ ఆ ఎద్దు వెనక నుంచి రాలేదు. వాగు వైపు తిరిగిపోయి, ఒడ్డు మీదుగా చుట్టు తిరిగి, అప్పుడే లేచి వచ్చినట్టు వచ్చాడు. అదే సమయానికి ఊరి వైపు నుంచి మామ కూడా వచ్చాడు.

"నాయినా, బావ చేతులు జూడు, గజగజ వణుకుతున్నయి! బావా, రేపటికి వడిసెల తెప్పియ్యాల్నా?"

"నువ్వు ఎద్దు చాటున ఎందుకు వచ్చినవ్? నీ కాళ్ళు జూసే ఆగిన," అన్నాను.

"నేనా? నేను ఒడ్డు దిగితె ఒట్టు. ఎద్దు తాడు గుంజుకొని వొయ్యింది." నవ్వాడు గానీ ముఖంలో నెత్తురు లేదు.

ముసలాయన వైపు తిరిగాను. నేను చూసింది అతనూ చూశాడు. నేల చూస్తూ, "నేను నా ఎద్దు మొఖమే జూసుకుంట ఉన్న పటేలా," అన్నాడు. అతని కూడు ఆ ఇంట్లోదే. అయినా అతని మీద కోపం లేదంటే అబద్ధమవుతుంది.

మధ్యాహ్నానికి నా చేతులు వణికిన సంగతి ఊరంతా పాకింది. భోజనానికి పప్పు వడ్డిస్తూ అత్త కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. నా భార్య తలుపు చాటున నిలబడింది, బయటికి రాలేదు. నేను చెయ్యి కడుక్కుని, "మామా, ఒక్కసారి చేను దాకా రా," అన్నాను.

రేగడిలో అడుగుల అచ్చులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎద్దు గిట్టలు, వాటి పక్కనే వరసగా చెప్పుల గుర్తులు, వాగు దాకా. రెండో ఎద్దు ఆగిన చోట మడమల గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి. మామ వంగి వాటిని చూశాడు. తర్వాత ఇర్రి నిలబడిన చోటు చూశాడు, అక్కడి నుంచి నేను నిలబడిన చోటు చూశాడు.

"నువ్వు కాల్చలె," అన్నాడు చివరికి. "నా ఇల్లు నిలవెట్టినవ్ అల్లుడా."

"గా మాట ఇంట్ల అందరి ముంగట ఒక్కసారి చెప్పు మామా. నాకు అది చాలు."

"ఆడు నా కొడుకు."

"మరి నేను?"

మామ లేచాడు. చెప్పుకాలితో ముందున్న కొడుకు అడుగు అచ్చును రుద్ది చెరిపాడు. తర్వాత దాని పక్కదాన్ని. అలా ఒక్కొక్కటే చెరుపుకుంటూ వాగు వైపు నడిచాడు. నేను కదలకుండా నిలబడి చూశాను. ఒడ్డు చేరేదాకా ఆయన వెనక్కి తిరగలేదు. ఎద్దు గిట్టల గుర్తుల్ని మాత్రం ముట్టుకోలేదు.